రేగడి నేలపై రహదారి

సంఘమువారు ఈ జ్ఞాపక సంచికకు ఒక వ్యాసము వ్రాయుమని కోరినప్పుడు, మా శక్తికి తగిన విషయమేదియా యని కొంత ఆలోచించితిమి. కావ్యములను గూర్చియు, పండుగలను గూర్చియు, మన పెద్దలు ఈ కన్నడ దేశమునకు వచ్చిన వృత్తాంతమును గూర్చియు వ్రాయగల విద్వాంసులు మన సంఘమున పలువురు కలరు. మేము పదవ తరగతితో చదువు ముగించి, 1982 మొదలు 2020 వరకు రహదారుల పనులు చూచు ఒక కార్యాలయమున గుమాస్తాగా నుండినవారము. ఎస్టిమేట్లు, బిల్లులు, కొలతల పుస్తకములు, ఇవియే మేము చదివిన గ్రంథములు. కావున మేమెరిగిన మట్టిని గూర్చియు, ఆ మట్టిపై నిలువవలసిన దారిని గూర్చియు వ్రాయుచున్నాము. మట్టి మాట సంస్కృతికి దూరమని పాఠకులు తలపరాదు. మనమీ సీమకు వచ్చుటకు కారణము ఈ మట్టియే కదా!

1953లో తుంగభద్ర జలాశయమున నీరు నిలుపనారంభించిరి. ఎడమగట్టు కాలువ క్రమముగా గంగావతి, కారటగి, సింధనూరు, మాన్వి ప్రాంతములకు సాగెను. అంతవరకు ఇచటి రైతులు వానపై ఆధారపడి జొన్న, ప్రత్తి పండించుకొనుచుండిరి. వరిసాగు తెలిసిన కోస్తా జిల్లాల రైతులు ఇచట భూములు కొని, కాలువల వెంబడి గుడిసెలు వేసికొనిరి. ఆ గుడిసెల గుంపులకే క్యాంపులని పేరు వచ్చెను. నేడు మేడలు లేచినను ఆ పేరు మారలేదు. మా తండ్రిగారును అట్లు వచ్చినవారే. మేము పుట్టినది క్యాంపులోనే. 1956 నవంబరు 1వ తేదీన ఈ రాయచూరు సీమ హైదరాబాదు రాష్ట్రమునుండి విడివడి కన్నడ రాష్ట్రమున చేరినది. రాష్ట్రము మారినను నేల మారలేదు. ఆ నేలను మనము రేగడి యందుము. కన్నడిగులు ఎరె యందురు.

రేగడి పంటకు తల్లివంటిది. దారికి మాత్రము కాదు. ఈ మట్టిలో మాంట్‌మొరిల్లొనైట్ అను బంక ఖనిజము కలదు. అది పుస్తకపు పుటలవలె మిక్కిలి పలుచని పొరలుగా నుండును. కప్పు కారు గదిలో తడిసిన దస్త్రము ఎట్లు ఉబ్బునో ప్రతి గుమాస్తాకును తెలియును. అట్లే నీరు ఆ పొరల నడుమకు పోయి వానిని ఎడము చేయగా మట్టి ఉబ్బును. వేసవిలో నీరు ఆవిరియై పోగా కుంచించుకొని నెఱ్ఱెలు విచ్చును. మోచేతివరకు చేయి దిగు నెఱ్ఱెలను మేము చూచియున్నాము. నేల ఇట్లు ఏటేట లేచుచు కుంగుచుండగా, దానిపై పరచిన కంకరయు తారును నిలుచుట ఎట్లు?

ఇంతకు తోడు, కాలువ వచ్చిన పిదప మరియొక చిక్కు కలిగెను. మెట్ట కాలమున ఈ నేల వానలకు మాత్రమే తడిసెడిది. కాలువ క్రింద ఏటికి రెండు పంటలు వరి వేయుటచే, దారికి ఇరుప్రక్కల నెలల తరబడి నీరు నిలిచియుండును. దారి చెరువు నడుమ గట్టువలె నుండి అడుగునుండి నానుచుండును. మన వరియే మన దారిని మెత్తపరచినదనుట సత్యము.

మా క్యాంపునుండి పెద్దబాటకు నాలుగు కిలోమీటర్లు. వానాకాలమున బడి పిల్లలు చెప్పులు చేతబట్టుకొని నడిచెడివారు. నూర్చిన ధాన్యమునకై వచ్చిన లారీలు దిగబడి రెండు మూడు దినములు కదలకుండెడివి. ధాన్యము చెమ్మగిలినదని మిల్లువారు ధర తగ్గించెడివారు. 1998లో మా పొరుగింటి కోడలికి నొప్పులు వచ్చినప్పుడు ట్రాక్టరుపై తీసికొనిపోవుచుండగా అది ఇరుసువరకు దిగబడెను. నలుగురు మంచము మోసికొని బురదలో నడిచిరి. తల్లి దక్కెను గాని బిడ్డ దక్కలేదు. దారియనగా కాగితముపై గీయు గీత మాత్రమే కాదని ఆనాడు క్యాంపులో చిన్నపిల్లలకు సైతము తెలిసినది.

మా కార్యాలయమున ఆ దారికి రెండేండ్లకో మూడేండ్లకో ఒక ఎస్టిమేటు వచ్చుచుండెను. మేమే దానికి నకలు వ్రాసెడివారము. గుంతలు పూడ్చుట, మొరము పరచుట, రోలరు త్రిప్పుట: తేదీ మారును, ధర మారును, మాటలు మారవు. మొరమును కన్నడిగులు గరసు అందురు. అది కొండప్రక్కల దొరకునే గాని రేగడి మైదానమున దొరకదు. మెత్తని నేలను త్రవ్వి పారవేసి, దూరమునుండి గట్టి మట్టి తెచ్చి నింపుట పాత పద్ధతి. అది తప్పుడు పద్ధతి యని మా అభిప్రాయము కాదు. బొంబాయి ఐ.ఐ.టి.కి చెందిన ఆచార్య ఆర్. కె. కట్టిగారు రేగడిపై చిరకాలము పరిశోధన చేసి, ఉబ్బని బంకమట్టిని తగినంత మందముగా పరచినచో అది అడుగునున్న రేగడి ఉబ్బును అణచిపెట్టునని నిరూపించిరి. మన కన్నడ రాష్ట్రమున మలప్రభ కాలువకు ఆ పద్ధతి ఉపయోగపడినది. అయితే చిన్న గ్రామీణ మార్గమునకు అంత మట్టిని మోయించు సొమ్ము ఎచటనుండి వచ్చును?

నేల బలమును కొలుచుటకు ఒక పరీక్ష కలదు. అమెరికాలోని కాలిఫోర్నియా రహదారుల శాఖవారు సుమారు 1929లో దానిని కల్పించిరి, సి.బి.ఆర్. అని దానికి వాడుక పేరు. అణచిన మట్టిని ఇనుప అచ్చులో నింపి, నాలుగు దినములు నీటిలో నానబెట్టి, 50 మిల్లీమీటర్ల అడ్డుకొలతగల ఉక్కు కడ్డీని దానిలోనికి మెల్లగా నొక్కుదురు. కడ్డీ 2.5 మిల్లీమీటర్లు దిగుటకు నలుగగొట్టిన మంచి రాతికంకరలో 1370 కిలోల బరువు కావలెను. దానిని నూరుగా లెక్కించినచో, నానిన రేగడికి రెండు, ఒక్కొక్కప్పుడు అంతకును తక్కువ వచ్చును. నూటికి రెండు మార్కులు వచ్చిన బాలుని వంటిది మన నేల! ఎండిన రేగడి రాయివలె గట్టిగానుండి చూపరిని మోసగించును. నానబెట్టి పరీక్షించిననే దాని నిజస్వభావము బయటపడును.

2011లో మా కార్యాలయమునకు వచ్చిన ఒక యువ ఇంజనీరు, కన్నడిగుడు, ఆ దారిలో ఒక కిలోమీటరు మేర మట్టిని మార్చక, దానిలోనే సున్నము కలిపి చూడవలెనని ప్రతిపాదించెను. ఆతనికి తెలుగు రాదు. మా క్యాంపు పెద్దలకు ధారాళమైన కన్నడము రాదు. అందుచే మేము నడుమ దుబాసిగా నిలిచితిమి. సున్నపు బస్తాలు దిగుచుండగా ఎనుబదియేండ్ల వృద్ధ మేస్త్రి యొకడు కర్ర పోటుతో వచ్చి నిలిచెను. ఆతడు యౌవనమున ఎద్దుగానుగతో సున్నము నూరించి, బెల్లపు నీరును కరక్కాయ నీరును చేర్చి గార చేసినవాడు. ఇంజనీరును చూచి, "సున్నం చచ్చిందో బతికుందో చూశారా బాబూ? నీళ్లలో వేస్తే బుసకొట్టాలి. గాలి తగిలి చచ్చిన సున్నం ఎంత పోసినా బూడిదతో సమానం" అనెను. మేము కన్నడములో చెప్పగా ఇంజనీరు నవ్వి, ప్రయోగశాలలో సున్నపు శుద్ధిని పరీక్షించిన కాగితము చూపెను. ఆ కాగితములోని మాటయు, మేస్త్రి మాటయు ఒక్కటియే. కాల్చిన సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి మరల సున్నపురాయిగా మారిపోవును; అప్పుడది నేలకు పనికిరాదు.

ఆనాడు మాకు మరియొక సంగతి తోచినది. మన సున్నము వారికి సుణ్ణ. మన గార వారికి గారె. మన నార వారికి నారు. దుబాసి పని సగము ఆ మాటలే చేసినవి. ఈ పదములు మన ఇండ్ల పిల్లలకు నేడు ఏ భాషలోను రాకుండుట చింతింపదగినది.

ఇక పని జరిగిన తీరు చెప్పుదుము. వేసవిలో మట్టి గడ్డలను ట్రాక్టరుతో దున్ని, రోటవేటరుతో చిన్నవిగా నలుగగొట్టిరి. తడిపి పొడి చేసిన సున్నమును మట్టి బరువులో నూటికి నాలుగు పాళ్లు లెక్కగట్టి సమముగా చల్లిరి. సాధారణముగా మూడు మొదలు ఆరు పాళ్ల వరకు వాడుదురు. ఎంత కావలెనో ఆ చోటి మట్టిని పరీక్షించియే నిర్ణయింపవలెను. కూలీలు ముఖమునకు గుడ్డలు, చేతులకు తొడుగులు, కండ్లకు అద్దములు ధరించిరి. సున్నము కంటబడిన చూపు పోవునన్న భయము మేస్త్రి అందరికి బాగుగా నూరిపోసెను. నీరు చల్లి కలిపి ఒక దినము ఊరనిచ్చిరి. మరునాడు మరల కలిపి, 15 సెంటీమీటర్ల పొరగా రోలరుతో అణచిరి. అట్టివి రెండు పొరలు వేసి, ఏడు దినములకు తక్కువ గాకుండ తడి ఆరనీయక కాపాడిరి.

సున్నము చేయు పని రెండు విధములు. మొదటిది గంటలలో జరుగును. సున్నములోని కాల్షియము బంక పొరల నడుమ చేరి, నీటిని పట్టియుంచు గుణమును తగ్గించును. కాళ్లకు అట్టలుగట్టు జిగట మట్టి చూచుచుండగనే పిట్టువలె పొడిపొడిగా మారుట మేము కన్నులార చూచితిమి. రెండవది నెలల తరబడి జరుగును. సున్నపు క్షారమునకు బంకలోని ఇసుక ధాతువు, అల్యూమినియపు ధాతువు కొంత కరగి, సున్నముతో కలిసి సిమెంటు వంటి జిగురు నిచ్చును. మొదటి పనికి కలుపుట ముఖ్యము. రెండవదానికి ఓర్పు ముఖ్యము. ఆరిపోయిన వెంటనే లారీలను తోలించినచో రెండవ పని సగములో చెడును.

గుమాస్తాకు లెక్క లేనిదే నిదురపట్టదు గావున ఆ లెక్కయు చెప్పుదుము. దారి వెడల్పు 3.75 మీటర్లు, మందము 30 సెంటీమీటర్లు అయినచో ఒక కిలోమీటరునకు 1125 ఘనపు మీటర్ల మట్టి కావలెను. దానిని బయటినుండి తేవలెనన్న, ఆరు ఘనపు మీటర్లు పట్టు టిప్పర్లు సుమారు 190 సార్లు తిరుగవలెను. రోలరు క్రింద అణగుదలను చేర్చిన ఇంకను ఎక్కువ. ఘనపు మీటరు 1.6 టన్నుల చొప్పున ఉన్నచోటి మట్టి 1800 టన్నులు; దానిలో నూటికి నాలుగు పాళ్ల సున్నము 72 టన్నులు. పది టన్నుల లారీలు ఎనిమిది చాలును. టన్నుకు సున్నపు ధర మొరమునకంటె ఎన్నియో రెట్లు హెచ్చయినను, దూరము పెరిగిన కొలది సున్నమే చవుకగును. కొండప్రక్క గుంటలు పడుటయు, లారీల బరువునకు ఇతర గ్రామముల దారులు పాడగుటయు తప్పును.

మేము పదవీవిరమణ చేయునాటికి ఆ కిలోమీటరు తొమ్మిది వానకాలములను చూచినది. అందు అధికభాగము చక్కగా నిలిచినది. ఒకచోట మాత్రము, పొలముల నీరు పోవుటకు ప్రక్క కాలువ త్రవ్వని కొంత మేర కుంగినది. సున్నము నేలకు బలము నిచ్చునే గాని నీటికి దారి చూపదు. నీరు పోవు మార్గము లేనిచో ఏ మందును పనిచేయదు.

సున్నము సర్వరోగనివారిణి కాదు. గంధకపు లవణములు, అనగా జిప్సము వంటివి, అధికముగా నున్న మట్టిలో సున్నము కలిపినచో ఎట్రింజైట్ అను స్ఫటికములు పెరిగి దారి మరింత ఉబ్బును. ఆకు అలములు కుళ్లిన మట్టిలోను సున్నము సరిగా పనిచేయదు. భారత రహదారుల కాంగ్రెసు 1934లో స్థాపింపబడినది. సున్నము, సిమెంటు, బొగ్గుబూడిద కలిపి నేలను గట్టిపరచు విధానములకు 2010లో అది మార్గదర్శక గ్రంథమును ప్రకటించెను. ఇవిగాక, పీపాలలో ఏవేవో ద్రవములు తెచ్చి, కొలది చుక్కలతో నేల రాయియగునని చెప్పు విక్రేతలును కలరు. అట్టివానిలో కొన్ని కొన్ని నేలలకు మేలు చేయవచ్చును. అయితే మన చోటి మట్టితో పరీక్షించి చూపనిదే వారికి బిల్లు చేయరాదని మా నలుబదియేండ్ల గుమాస్తాగిరీ నేర్పిన నీతి.

సున్నము కలిపిన మట్టికి ఒక లోపము కలదు. అది గట్టిదే గాని పెళుసు, వంగక విరుగును. ఈ లోపమును తీర్చునది నారపీచు. మట్టిగోడలు పెట్టిన మన పెద్దలు అడుసులో వరిగడ్డి త్రొక్కించుటలోని మర్మము ఇదియే. మట్టి ఒత్తిడిని ఓర్చును గాని లాగుటను ఓర్వదు. పగులు విచ్చుచోట పీచు రెండు ప్రక్కలను పట్టి లాగియుంచును. ఇరాకులోని అకర్ కుఫ్ గోపురమున, క్రీస్తునకు పూర్వము పదునాలుగవ శతాబ్దినాటి ఇటుక వరుసల నడుమ, రెల్లు చాపలు నేటికిని కనబడుచున్నవి. 1926లో అమెరికాలోని దక్షిణ కారొలైనా రాష్ట్రమువారు దారి క్రింద నూలుగుడ్డ పరచి చూచిరి. 1960ల దశకమున ఫ్రాన్సు దేశపు ఇంజనీరు హెన్రీ విడాల్ లోహపు పట్టీలతో మట్టిని బలపరచు విధమును శాస్త్రముగా రూపొందించెను.

నేడు పరిశోధకులు కొబ్బరి పీచు, జనపనార, కిత్తనార, పాలిప్రొపిలీన్ అను కృత్రిమపు పోగు మొదలగువానిని చిన్న తునకలుగా కత్తిరించి మట్టిలో కలుపుచున్నారు. బరువులో నూటికి ఒక పాలునకు లోపుగానే కలుపుట వాడుక. ఎక్కువైనచో పీచు ఉండలు కట్టి, అచటనే మట్టి బలహీనపడును. కొబ్బరి పీచులో లిగ్నిన్ అను చెక్కపదార్థము అధికము గనుక ఇతర నారలకంటె ఆలస్యముగా కుళ్లును. అయినను సున్నపు క్షారము ఏ చెట్టునారనైనను కాలక్రమమున తినివేయును. కృత్రిమపు పోగు కుళ్లదు. కుళ్లకపోవుటయే నేలకు దాని బెడద. పీచును చాపగా నేసి రేగడిపై పరచు పద్ధతియు కలదు. 2020లో కేంద్ర ప్రభుత్వము ఏడు రాష్ట్రముల గ్రామీణ మార్గములలో కొబ్బరిపీచు చాపలను వాడుటకు అనుమతించెను. అందు ఆంధ్రప్రదేశ్, తెలంగాణములతోబాటు, మనవారు చిరకాలముగా నివసించు తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రములును కలవు. చాప కొన్ని ఏండ్లకు శిథిలమగును గాని, అంతలో అడుగు నేల బరువునకు అణగి స్థిరపడునని దాని యుక్తి.

మన క్యాంపుల వారికి ఇంతకంటె దగ్గరి వస్తువు ఒకటి కలదు, అది ఊకబూడిద. టన్ను ధాన్యము మరపట్టిన సుమారు 200 కిలోల ఊక వచ్చును. ఆ ఊకను కాల్చిన సుమారు 40 కిలోల బూడిద మిగులును. తగిన వేడిలో కాలిన బూడిదలో నూటికి 85 పాళ్లకు పైగా సిలికా యుండును. అది తానై గట్టిపడదు. సున్నముతో చేరిననే జిగురు పుట్టును. గంగావతి, కారటగి, సింధనూరు మిల్లుల వెనుక పేరుకొని, గాలికి ఎగిరి ఇండ్లలో పడు బూడిదను మనమందరము ఎరుగుదుము. మన వరి మెత్తపరచిన దారిని మన ఊకయే గట్టిపరచగలిగినచో అంతకంటె న్యాయమేమున్నది? అయితే నల్లగా సగము కాలిన బూడిద అంతగా పనికిరాదు. ఇదియు పరీక్షించి వాడవలసినదే.

ఒక్క మాట మన జీవనమునకు అన్వయించి చెప్పుదుము. పీచు మట్టిగా మారదు, మట్టి పీచుగా మారదు. కలిసియుండుటవలన రెండును నిలుచును. ఈ సీమలో డెబ్బదియేండ్లుగా మన కుటుంబములును, ఇచటి కుటుంబములును ఒకే కాలువ నీటిని త్రాగుచు, ఒకే దారిని నడచుచున్నారు. మనము ఉండకట్టి ఒకచోటనే ముద్దగానుండిన ఎవరికిని బలము కాము. మన నారను పోగొట్టుకొన్నను బలము కాము.

పాఠకులు తమ గ్రామమునకు దారి మంజూరైనప్పుడు సంకోచింపక నాలుగు ప్రశ్నలు వేయవలెను. మట్టిని నాలుగు దినములు నానబెట్టి పరీక్షించిరా? సున్నము తాజాదియా, వానకు తడవక దాచిరా? కలిపి అణచిన పిదప ఎన్ని దినములు తడి ఆరకుండ కాపాడుదురు? ప్రక్కనీరు పోవుటకు కాలువ ఎచట? ఈ నాలుగింటికి సమాధానము వ్రాతమూలకముగా కోరుట పౌరుల హక్కు. ఆ ప్రశ్నలను కన్నడములో వ్రాయుటకు సహాయము కావలసినవారు సంఘ కార్యాలయమున మమ్ము ఆదివారము ఉదయము కలిసికొనవచ్చును. కాగితము మేము తెచ్చెదము.